బెవర్లీ హిల్స్ భోజనశాలలు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, చాలావరకు లాస్ ఏంజిలెస్ చుట్టుముట్టి ఉన్నా 1914 నుంచి సొంత పురపాలన గల సంపన్న నగరమైన బెవర్లీ హిల్స్, హాలీవుడ్ తారల నివాసాలతో పాటు భోజనశాలలకూ ప్రసిద్ధి చెందింది. 1938లో మొదలైన లారీస్‌లో ప్రైమ్ రిబ్‌ను, అంటే ఎముకతో సహా నెమ్మదిగా కాల్చిన గొడ్డుమాంసపు పక్కటెముకల భాగాన్ని, లోహపు తోపుడుబండిపై బల్ల దగ్గరకే తెచ్చి కోసి వడ్డిస్తారు. బెవర్లీ హిల్స్ హోటల్‌లోని పోలో లౌంజ్ సినీ ఒప్పందాల చర్చలకు పేరుమోసింది. ఆస్ట్రియాలో పుట్టిన పాకనిపుణుడు వుల్ఫ్‌గాంగ్ పక్ 1982లో పశ్చిమ హాలీవుడ్‌లో ప్రారంభించిన స్పాగో 1997లో ఇక్కడి కానన్ డ్రైవ్ వీధిలోనూ తెరుచుకుంది. పొగబెట్టిన సాల్మన్ చేప ముక్కలు, పుల్లని మీగడ, కేవియర్ అనే ఉప్పు పట్టించిన చేపగుడ్లు పరచిన పిజ్జా దీని ప్రత్యేకత. ఆస్కార్ ప్రదానోత్సవానంతర అధికారిక విందుకూ పక్ బృందమే ఏళ్ల తరబడి వండింది.