డిటెక్టివ్ నవలల ఆరుద్ర – చరిత్రకారునికి ఒక పాఠము

శతవార్షికోత్సవ సంచికలో డిటెక్టివ్ నవలలు వ్రాసిన కవిని గూర్చి వ్యాసమా అని మన సంఘ పెద్దలు ఆశ్చర్యపడవచ్చును. కాకినాడలో చదువుకునే రోజులలో అటువంటి నవలలను పాఠ్యపుస్తకాల చాటున చదివి చీవాట్లు తిన్నవారిలో మేమూ ఒకరము. అయినను చరిత్ర వ్రాయబూనినవారు ఆరుద్రగారి వద్ద నేర్చుకొనవలసినది ఎంతో ఉన్నది.

ఆయన అసలు పేరు భాగవతుల సదాశివ శంకరశాస్త్రి. 1925 ఆగస్టు 31న విశాఖపట్నంలో జన్మించారు. 1943లో చదువు మాని వైమానిక దళంలో చేరారు. తరువాత మదరాసు చేరి పత్రికలకు, చలన చిత్రాలకు వ్రాశారు. 1954లో ఆయన వివాహమాడిన రచయిత్రి కె. రామలక్ష్మిగారు మన కాకినాడ ప్రాంతపు కోటనందూరు ఆడపడుచే.

రజాకార్ల దౌర్జన్యాలకు చలించి వ్రాసిన ‘త్వమేవాహం’ 1949లో ఆయనను కవిగా నిలబెట్టింది. ఆ చేతితోనే ‘పలకల వెండి గ్లాసు’, ‘ఆనకట్ట మీద హత్య’ వంటి అపరాధ పరిశోధక రచనలు చేశారు.

అపరాధ పరిశోధకుడు ఊరంతా చెప్పినదని దేనినీ నమ్మడు. చిన్న ఆధారమని దేనినీ త్రోసివేయడు. ఆరుద్రగారి పరిశోధనలోనూ ఈ గుణమే కనిపిస్తుంది. 1960వ దశకంలో 12 సంపుటాలుగా వెలువడిన ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’లో, విశ్వవిద్యాలయ పదవి ఏదీ లేకయే, శతాబ్దాల కవులను రాజవంశాల యుగాల వారీగా పరిశీలించారు. ‘రాముడికి సీత ఏమవుతుంది’ అన్న గ్రంథానికి పేరే ఒక ప్రశ్న. ‘గురజాడ గురుపీఠం’ 1987లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందింది. 1998 జూన్ 4న ఆయన కన్నుమూశారు.

ఇక మా తప్పు ఒకటి ఒప్పుకొంటాము. ఒక గ్రామ సంఘ చరిత్ర వ్రాస్తూ, విన్నమాట నమ్మి, తొలి దినాలలో ఉపదేశకుడొక్కరే పరిచర్య చేశారని వ్రాశాము. పిమ్మట పాత బాప్తిస్మపు రిజిస్టరు తెరచి చూడగా పుట పుటకూ సాక్షిగా ఒక బైబిల్ ఉమన్ పేరున్నది. ఆమె లేకుండానే మా వ్యాసం అచ్చయిపోయింది.

సువార్తికుడైన లూకా కూడా అన్నిటినీ విచారించిన పిమ్మటనే కలము పట్టాడు. కనుక సంఘస్థులారా, మీ ఇంటి పెట్టెలలోని పాత కాగితాలు పారవేయకండి. మందిరపు రాళ్లపై పేర్లు లేనివారి సాక్ష్యము వాటిలోనే ఉండవచ్చును.