రీస్ విదర్‌స్పూన్: నట జీవితం, ఆస్తి

రీస్ విదర్‌స్పూన్ (జననం: 22 మార్చి 1976) అమెరికన్ నటి, నిర్మాత. న్యూ ఆర్లీన్స్‌లో పుట్టి, టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో పెరిగింది. తండ్రి చెవి, ముక్కు, గొంతు వైద్యుడు. తల్లి నర్సింగ్ అధ్యాపకురాలు. గుంపులో ఒకరిగా కనిపిస్తే చాలనుకుని ఎంపికలకు వెళ్లిన అమ్మాయికి 'ద మ్యాన్ ఇన్ ద మూన్' (1991)లో ఏకంగా ప్రధాన పాత్ర దక్కింది. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో ఆంగ్ల సాహిత్యం చదవడానికి చేరినా, సినిమాల కోసం మధ్యలోనే వదిలేసింది.

'ఎలక్షన్' (1999) విమర్శకుల మెప్పు పొందింది కానీ జనం పెద్దగా చూడలేదు. ఆమెను తారను చేసింది 'లీగల్లీ బ్లాండ్' (2001). 1.8 కోట్ల డాలర్లతో తీసిన ఆ చిత్రం 14 కోట్ల డాలర్ల పైచిలుకు వసూలు చేసింది. రెండో భాగానికి ఆమె పారితోషికం కోటిన్నర డాలర్లని అప్పటి పత్రికలు రాశాయి. 'వాక్ ద లైన్' (2005)లో గాయని జూన్ కార్టర్‌గా నటించి, పాటలూ తానే పాడి, ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది.

ఆస్కార్ వచ్చాక కెరీర్ నెమ్మదించింది. 12 కోట్ల డాలర్ల ఖర్చుతో తయారైన 'హౌ డూ యూ నో' (2010) అందులో సగం కూడా రాబట్టలేకపోయింది. మంచి పాత్ర ఎవరో రాసి తెస్తారని ఎదురుచూడటం మాని, 2012లో బ్రూనా పపాండ్రియాతో కలిసి 'పసిఫిక్ స్టాండర్డ్' అనే నిర్మాణ సంస్థ పెట్టింది. పుస్తకాలు ఇంకా అచ్చు కాకముందే చదివి, సినిమా హక్కులు కొనడం వీరి పద్ధతిగా ఉండేది. అలా చేజిక్కినవే 'గాన్ గర్ల్', 'వైల్డ్'. మొదటిదానిలో నటించాలని ఆమెకు ఉన్నా, దర్శకుడు డేవిడ్ ఫించర్ రోజమండ్ పైక్‌ను తీసుకున్నాడు. విదర్‌స్పూన్ నిర్మాతగా మిగిలింది. చిత్రం సుమారు 37 కోట్ల డాలర్లు ఆర్జించింది. అది విడుదలైన మరుసటి ఏడాది ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్లలో 'గాన్ గర్ల్'కు పైక్, 'వైల్డ్'కు విదర్‌స్పూన్ ఇద్దరూ ఉన్నారు. తాను పోటీ పడిన నటి తన సినిమా నాయికే కావడం నిర్మాతలకు తరచూ ఎదురయ్యే చిక్కు కాదు.

2016లో ఆమె మరో నిర్మాణ సంస్థ 'హలో సన్‌షైన్' మొదలైంది. ఆమె నిర్మాతల్లో ఒకరైన టీవీ సిరీస్ 'బిగ్ లిటిల్ లైస్' (2017) 8 ఎమ్మీలు గెలిచింది. అదే ఏడాది ఆరంభమైన ఆమె పుస్తక క్లబ్‌కు 'వేర్ ద క్రాడాడ్స్ సింగ్' 2018లో ఎంపికైంది. 2022లో ఈ సంస్థే ఆ నవలను సినిమాగా తీసింది. పాఠకులను ముందే కూడగట్టి, తర్వాత టికెట్లు అమ్మడమన్నమాట.

2021 ఆగస్టులో, హలో సన్‌షైన్ విలువను సుమారు 90 కోట్ల డాలర్లుగా లెక్కగట్టి, బ్లాక్‌స్టోన్ పెట్టుబడితో ఏర్పడిన కొత్త సంస్థ మెజారిటీ వాటాను కొంది. ఆ ఒప్పందం తర్వాత ఫోర్బ్స్ ఆమె ఆస్తిని 40 కోట్ల డాలర్లుగా, అంటే నాటి మారకంలో దాదాపు 3,000 కోట్ల రూపాయలుగా, అంచనా వేసింది. ఇందులో చేతిలోని నగదే కాదు, వాటాల విలువ కూడా ఉంటుంది గనుక సంస్థ పరిస్థితిని బట్టి అంకె మారుతుంది. 'ద మార్నింగ్ షో' (2019)కి ఎపిసోడ్‌కు 20 లక్షల డాలర్ల దాకా ముట్టాయని వార్తలొచ్చాయి. అంత పారితోషికం కూడా హలో సన్‌షైన్ అమ్మకం ముందు చిన్నదే.

'లీగల్లీ బ్లాండ్'కు పూర్వకథగా 'ఎల్' అనే సిరీస్‌ను ప్రైమ్ వీడియో కోసం హలో సన్‌షైన్ చేపట్టింది. నాయిక పాత్రకు 2025లో లెక్సీ మినెట్రీని ఎంపిక చేశారు. విదర్‌స్పూన్ నిర్మాతల్లో ఒకరు.