సైన్యవిరమణానంతర నిరుద్యోగభృతి: దాని పూర్వోత్తర చరిత్రము

యుద్ధము సాగుచున్నంత కాలము సైనికుని శ్లాఘింపని నోరుండదు. సంధి కుదిరి, సేన చెదరి, ఆతడు మూటను భుజమున వైచుకొని స్వగ్రామమునకు మరలిన పిమ్మట, వాని పొయ్యిలో పిల్లి లేచినదా లేదా యని విచారించువారు మిక్కిలి యరుదు. పదునెనిమిదవ యేట కొలువున జేరి, తుపాకి పట్టుట తప్ప వేఱొక వృత్తి నేర్వక, నడివయస్సునకు ముందే విడుదలపత్రముతో నింటికి వచ్చినవాడు మరల నొక పని దొరకువఱకు నేమి తినవలెను? ఆ నడిమి దినముల భారమెవ్వరిది? వానిదా, వాని తల్లిదండ్రులదా, లేక వానిచే సేవ గొనిన రాజ్యముదా? ఈ ప్రశ్నకు వివిధకాలములయందు వివిధరాజ్యములు చెప్పిన సమాధానములే యీ వ్యాసమునకు విషయము. మన కుటుంబములనుండియు యువకులు సైన్యమున జేరుచున్నారు గావున, ఈ చరిత్రము మనకు బొత్తిగా పరాయిది కాదని విన్నవించుచున్నాను.

మొదట శబ్దవిచారము. భృతి యను మాటకు మూలమగు భృఞ్ ధాతువునకు భరించుట, పోషించుట యని యర్థము. భర్త, భార్య, భృత్యుడు మున్నగు శబ్దములన్నియు నా ధాతువునుండి పుట్టినవే. భిక్ష యనునదియో యాచనార్థకమైన వేఱు ధాతువునుండి వచ్చినది. కావున భృతియందు భరించువానికి విధియు, భరింపబడువానికి నర్హతయు గలవు. భిక్షయందు దాత యిచ్ఛయే ప్రధానము. సైనికుని నిరుద్యోగభృతి చరిత్రమంతయు నీ రెండు శబ్దముల నడుమ జరిగిన వాదమేయని చెప్పవచ్చును.

మన పూర్వగ్రంథములయం దీ చింత లేకపోలేదు. మహాభారత సభాపర్వమున నారదుడు ధర్మరాజును కుశలప్రశ్నము లడుగుచు, నీకొఱకు ప్రాణములు విడిచినవారి భార్యలను, నీకొఱకు కష్టముల పాలైనవారిని పోషించుచున్నావా యని విచారించును. సేనకు కూడును జీతమును కాలము దప్పక యిచ్చుచున్నావా యనియు నడుగును. కౌటిల్యుని యర్థశాస్త్రము పంచమాధికరణమున, కార్యమునందు మరణించినవారి పుత్రదారములకు భక్తవేతనములు చెల్లవలెనని విధించినది. అయిన నీ విధులు ముఖ్యముగ మృతులను, ఆపన్నులను గూర్చినవి. ఏ యంగవైకల్యమును లేక, పనికి సిద్ధముగ నుండియు పని దొరకని విడుదల సైనికునికి నిర్ణీతకాలము నిర్ణీతధనమిచ్చు పద్ధతి యాధునికకాలపు పుట్టుక.

పాశ్చాత్య ప్రాచీనులలో రోమనుల యేర్పాటు గమనింపదగినది. అగస్టసు చక్రవర్తి క్రీస్తుశకము 6వ సంవత్సరమున సైనికనిధి యను ప్రత్యేకకోశమును నెలకొల్పి, తన సొంత ధనమునుండి 17 కోట్ల సెస్టెర్షియసు నాణెములు దానికి సమర్పించెను. పిదప దానిని పోషించుటకై వారసత్వములపై నూటికి 5 వంతును, వేలముపాటల విక్రయములపై నూటికి 1 వంతును పన్ను విధింపబడినవి. సేవాకాలము ముగించిన సామాన్యసైనికునికి 12,000, చక్రవర్తి యంగరక్షకదళమువానికి 20,000 సెస్టెర్షియసులు లభించుచుండెను. దీనికి పూర్వము విడుదలైన సేనలు భూములకై సేనానాయకుల నాశ్రయించుటయు, ఆ నాయకులు వారి బలముతో రాజ్యమును కల్లోలపఱచుటయు జరిగినవి. ఆకలిగొన్న విడుదల సైనికుడు రాజ్యమునకే యపాయకరుడను సత్యమును అగస్టసు గుర్తెఱిగెను. అయిన నిది యేకకాలమున నిచ్చు బహుమానమే గాని, పని లేని దినములకు కొలిచియిచ్చు భృతి గాదు.

అట్టి భృతి ప్రథమమహాయుద్ధాంతమున ఆంగ్లదేశమున నవతరించెను. 1911వ సంవత్సరపు జాతీయభీమాశాసనము ఇండ్లకట్టడము, నౌకానిర్మాణము, యంత్రనిర్మాణము మున్నగు కొన్ని వృత్తులవారికి మాత్రము వారమునకు 7 షిల్లింగుల చొప్పున నిరుద్యోగధనము నేర్పఱచియుండెను. ఇది కార్మికుడు, యజమాని, ప్రభుత్వము కలిసి చెల్లించిన చందాలపై నాధారపడినది. 1918 నవంబరులో యుద్ధము ముగియగనే లక్షలకొలది జనులు సేననుండి వెలువడిరి. కందకములలో నున్నవాడు చందా యెట్లు చెల్లించియుండును? అందుచే ప్రభుత్వమువారు చందాతో నిమిత్తము లేని యొక నిరుద్యోగదానమును ప్రకటించిరి. పురుషునకు వారమునకు మొదట 24, కొలదిదినములకే 29 షిల్లింగులును, బిడ్డలున్నచో నదనముగ కొంతయు నీయబడెను. విడుదలైన సైనికునికి మొదటి సంవత్సరములో 26 వారములవఱకు నిది చెల్లుచుండెను. సామాన్యజనులకు 1919లో నిలిచిపోయినను, సైనికులకు 1921 వఱకు పొడిగింపబడినది. దీనికి వారు పెట్టిన పేరు దానమే యైనను, కుటుంబములోని నోళ్లనుబట్టి ధనమును నిర్ణయించుట యనునది దీనితోనే యాదేశమున నిరుద్యోగవ్యవస్థలో ప్రవేశించినది.

ఇక అమెరికా సంయుక్తరాష్ట్రముల కథ మిక్కిలి బోధకరమైనది. ప్రథమమహాయుద్ధమునుండి మరలిన యమెరికా సైనికునికి దక్కినది 60 డాలర్లును, ఇంటికి పోవుటకు దారిబత్తెమును మాత్రమే. యుద్ధకాలమున కర్మాగారములలో నుండినవారు సంపాదించిన కూలితో తమ జీతమును పోల్చుకొని సైనికులు వగచిరి. 1924లో కాంగ్రెసు సభవారు స్వదేశసేవకు దినమునకు 1 డాలరు, విదేశసేవకు 1 డాలరు 25 సెంట్లు చొప్పున లెక్కగట్టి పరిహారము నంగీకరించిరి గాని, హెచ్చుమొత్తములకు 1945లో చెల్లునట్లు పత్రములు వ్రాసియిచ్చిరి. ఇంతలో 1929 నాటి యార్థికపతనము సంభవించెను. పని లేక, కూడు లేక, చేతిలో 1945 నాటి పత్రము మాత్రము గలవారు వేలకొలది 1932 వేసవిలో వాషింగ్టను నగరమునకు తరలివచ్చి, పెక్కురు భార్యాబిడ్డలతో గుడిసెలు వేసికొనిరి. జూన్ 17వ తేదీన సెనేటు వారి కోరికను త్రోసివేసెను. జూలై 28వ తేదీన జనరల్ మెకార్థరు నాయకత్వమున వచ్చిన సేన కత్తులతోను, బాష్పవాయువుతోను వారిని తఱిమినది, గుడిసెలు దగ్ధములైనవి. అంతకుముందే పోలీసుల కాల్పులలో నిద్దఱు మాజీసైనికులు ప్రాణములు గోల్పోయిరి. రాజ్యమునకై పోరాడినవానిపై రాజ్యసేనయే దాడి వెడలిన యాదృశ్యము నాదేశపు మనస్సునుండి చెరగలేదు. తుదకు 1936లో అధ్యక్షుని నిషేధమును దాటి, ఆ ధనమును ముందుగనే యిచ్చుటకు శాసనము చేయబడెను.

1935లో సాంఘికభద్రతాశాసనముచే నిరుద్యోగభీమా యాదేశమంతట నేర్పడినది. దాని నిర్మాణము యజమానులు చెల్లించు పన్నుపై నాధారపడినది. సైనికుని యజమాని ప్రభుత్వమే. ప్రభుత్వము తనకు దానే పన్ను చెల్లింపదు గదా! కావున సైనికుడు ఆ చట్రమునకు వెలుపలనే నిలిచెను.

ద్వితీయమహాయుద్ధమున కోటికి పైగా జనులు సేవలోనుండగా, 1932 నాటి యవమానము పునరావృత్తము గాకుండవలెనని ముందుచూపుగలవారు తలచిరి. అమెరికన్ లీజియన్ అను మాజీసైనికసంఘమునకు చెందిన హారీ కోల్మెరీ చిత్తుశాసనమును వ్రాసెను. విద్యకు ధనము, గృహమునకు ఋణము, పని దొరకువఱకు భృతి యనునవి దానికి త్రిస్తంభములు. వీనిలో నధికవివాదమునకు మూలమైనది మూడవదే. మిసిసిపీ ప్రతినిధియగు జాన్ రాంకిన్, పని లేనివారికి ధనమిచ్చుట సోమరితనమునకు ప్రోత్సాహమనియు, ముఖ్యముగ నల్లజాతివారు దానితో కాలక్షేపము చేయుదురనియు వాదించెను. ఉభయసభల సంఘములో ప్రతినిధులు మువ్వురటును మువ్వురిటును చీలి, వ్యవహారము నిలిచిపోయెను. జబ్బుచే జార్జియాలోని స్వస్థలమునకు వెళ్లియున్న జాన్ గిబ్సన్ అను సభ్యుని రాత్రికి రాత్రి వెదకి, కారుమీద విమానాశ్రయమునకు గొనిపోయి, 1944 జూన్ 10వ తేదీ యుదయమునకు వాషింగ్టనులో హాజరుపఱచిరి. ఆయన సమ్మతితో చిక్కు విడినది. జూన్ 22వ తేదీన అధ్యక్షుడు రూజ్వెల్టు శాసనముపై సంతకము చేసెను. లక్షలాది గృహముల పొయ్యిలు వెలుగుట యొక్క రాత్రి ప్రయాణముపై నాధారపడినది!

ఆ శాసనముచొప్పున, 90 దినములైనను సేవచేసి, యవమానకరవిడుదల కాకుండ వెలువడినవాడు ప్రభుత్వోద్యోగకేంద్రమున పేరు వ్రాయించుకొని, పనిచేయ శక్తుడనని, సిద్ధముగ నున్నానని తెలుపవలెను. పని లేనిచో వారమునకు 20 డాలర్ల చొప్పున, సేవాకాలమునుబట్టి గరిష్ఠముగ 52 వారములు లభించును. తగిన పనిని కారణములేక కాదన్నవానికి భృతి నిలిపివేయబడును. స్వంతముగ వ్యవసాయమో వ్యాపారమో చేసికొనుచు నెలకు 100 డాలర్లు రానివానికి లోటు పూరింపబడును. జనులు దీనికి 52-20 క్లబ్బని పరిహాసనామము పెట్టిరి.

సోమరులు పుట్టుదురన్న భయమేమైనది? సుమారు 90 లక్షలమంది యీ భృతిని గొనిరి గాని, యధికులు కొలదివారములకే పని సంపాదించుకొని మానివేసిరి. దీనికై కేటాయింపబడిన ధనములో నైదవవంతైనను ఖర్చు కాలేదు. అదే శాసనపు విద్యాభాగముచే 78 లక్షలమంది చదువులలోను, వృత్తిశిక్షణలోను చేరిరి. మనుష్యునికి నిలుచుటకు జానెడు చోటిచ్చినచో వాడు తనంతట నడచుననుటకు నింతకంటె నిదర్శనమేల?

అయితే యీ కథకు నల్లని పుటయు గలదు. ధనము కేంద్రప్రభుత్వముదైనను, పంచు చేతులు స్థానికములు. దక్షిణరాష్ట్రములలోని ఉద్యోగకేంద్రములు నల్లజాతి మాజీసైనికులకు, వారు సైన్యమున నేర్చిన విద్యలను లెక్కింపక, హీనమైన కూలిపనులనే చూపుచుండెను. దానిని కాదన్నచో, తగిన పనిని నిరాకరించితివని భృతిని త్రుంచుచుండెను. శాసనములో నొక్క యక్షరమైనను వర్ణభేదమును జెప్పలేదు. తగిన పని యను రెండు మాటలలో నా భేదమంతయు దాగియుండెను. శాసనము మంచిదైనంత మాత్రమున న్యాయము జరుగదనుట కిది శాశ్వతసాక్ష్యము.

కొరియా యుద్ధకాలమున, 1952 నాటి శాసనముచే వారమునకు 26 డాలర్లు 26 వారములవఱకు నీయబడెను. ఈ రెండును యుద్ధమునుబట్టి పుట్టి, యుద్ధముతో గిట్టినవి. 1958లో మాత్రము మాజీసైనికుల నిరుద్యోగపరిహారశాసనము శాశ్వతముగ నేర్పడినది. నేడు నడచుచున్నది యిదియే. దీనికై సైనికుని జీతమునుండి యేమియు కోయబడదు. ఖర్చు కేంద్రప్రభుత్వముది, నిర్వహణము రాష్ట్రములది. ఎంత ధనము, ఎన్ని వారములు అనునవి యాయా రాష్ట్రశాసనమునుబట్టి మాఱుచుండును. దరఖాస్తు చేయువాడు ప్రధానముగ చూపవలసినది డీడీ 214 అను విడుదలపత్రము. సేవాకాలము, విడుదల స్వభావము, విడుదలకు కారణము అందే యుండును. గౌరవప్రదముగ వెలువడియుండుట, ఒప్పుకొన్న సేవాకాలమును పూర్తిచేయుట లేక శాసనసమ్మతమైన కారణముచే ముందుగ విడుదలయగుట ముఖ్యనియమములు. పిదప నియతకాలమున పనికై వెదకుచున్నానని ధ్రువపఱచుచుండవలెను. 1982లో నీ సైనికులకు మాత్రము నాలుగు వారములు వేచియుండవలెననియు, 13 వారములకు మించి యీయరాదనియు బిగించిరి. గల్ఫ్ యుద్ధము జరిగిన 1991లో నా భేదమును తొలగించి తక్కినవారితో సమానముగ జేసిరి. యుద్ధము వచ్చినపుడే సైనికుడు జ్ఞప్తికి వచ్చుట యన్ని దేశములకును సామాన్యమని దీనివలన దెలియుచున్నది. అమెరికాలో స్థిరపడి, ఆ దేశపు సేవలో చేరిన మన తెలుగుబిడ్డలకును నీ శాసనము వర్తించును.

మన దేశమున మార్గము వేఱు. ద్వితీయమహాయుద్ధమున 25 లక్షల భారతీయసైనికులు సేవచేసిరి. పశ్చిమగోదావరి మండలమున మిలిటరీ మాధవరమని పేరొందిన గ్రామము మన తెలుగువారి సైనికసేవకు ప్రత్యక్షనిదర్శనము. విడుదలైనవారికి పని చూపుటకై 1945లో పునరావాస, ఉద్యోగశాఖ స్థాపింపబడెను. నేడు సామాన్యజనులెఱిగిన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి సైనికుని నిమిత్తమై పుట్టినదే. దేశవిభజనానంతరము శరణార్థులకును, 1948లో నెల్లరకును దాని ద్వారములు తెఱవబడినవి. కాని పని చూపు ద్వారము తెఱచిరే గాని, పని దొరకువఱకు వారవారము భృతినిచ్చు ద్వారమును తెఱువలేదు. పదునైదేండ్లు సేవచేసిన జవానునకు పింఛనుండుటచే నా లోపము చాలకాలము కానరాలేదు. 2022 జూన్‌లో ప్రకటింపబడిన అగ్నిపథ్ పథకముచే సేవ నాలుగేండ్లైనది, నూటికి 25 మందికి మించకుండ స్థిరపఱచి, తక్కినవారికి సుమారు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధినిచ్చి పంపునట్లు నిర్ణయింపబడినది, పింఛను లేదు. ఆ నెల 17వ తేదీన సికింద్రాబాదు రైల్వేస్టేషనులో జరిగిన యల్లకల్లోలమును, అందొక యువకుడు మరణించుటను పాఠకులు మఱచియుండరు. ఈ సేవానిధి రోమకసైనికుని బహుమానము వంటిది; ఒక్కమాఱు చేతికి వచ్చును. ఇరువది రెండు, ఇరువది మూడేండ్ల ప్రాయమున వచ్చిన ధనమును నిలుపుకొనుటకు వివేకమును, తోడును గావలెను.

ఈ చరిత్రమునుండి మూడు సంగతులు తేలుచున్నవి. మొదటిది, ఈ భృతి సైనికుడు సేవచే ముందుగనే మూల్యము చెల్లించిన ఋణము. దానిని గోరువాడు సిగ్గుపడనక్కఱలేదు. రెండవది, పొందుటకు పత్రములు ప్రాణము. విడుదలపత్రములోని యొక్క తప్పు సేవనంతటిని వ్యర్థముజేయగలదు. మూడవది, శాసనమును పంచు చేతులపై సంఘము కన్నువేసి యుండవలెను.

కావున మహాశయులారా! విడుదలై వచ్చిన ప్రతి యువకుని పత్రములను పరిశీలించి, జిల్లా సైనికసంక్షేమ కార్యాలయమున పేరు నమోదు చేయించుటకును, మాజీసైనికులకు ప్రత్యేకింపబడిన యుద్యోగముల ప్రకటనలను సకాలమున నెఱిగించుటకును, వచ్చిన ధనము దుర్వ్యయము గాకుండ హితము చెప్పుటకును, మన సంఘమున చదువరులగు నలువురు పూనుకొనవలెనని కోరుచున్నాను. సైన్యమునకు బోవునపుడు పూలదండవేసి సాగనంపుట మన యాచారము. మరలివచ్చునపుడు గడపకడ నిలిచి, నాయనా, తరువాతి పని యేమని యడుగుటయు నాచారము కావలెను.