లేజర్‌తో ఫ్యూజన్: ప్రోటాన్లు గురి ఎందుకు తప్పుతాయి?

లంబాపూర్–పెద్దగట్టు యురేనియం గొడవతో అణు ఇంధనం మాట దేవరకొండ వాళ్లకు కొత్తేం కాదు. ఫ్యూజన్ మాత్రం వేరు. ఇందులో యురేనియం అక్కర్లేదు, హైడ్రోజన్ కేంద్రకాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

2022 డిసెంబర్ 5న అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 2.05 మెగాజౌల్స్ లేజర్ శక్తితో 3.15 మెగాజౌల్స్ వచ్చాయి. అయితే ఆ లేజర్లు నడపడానికే దాదాపు 300 మెగాజౌల్స్ కరెంటు పట్టింది. అసలు చిక్కు అక్కడే.

అందుకే ఇంకో దారి కూడా చూస్తున్నారు. ముందు ఇంధనాన్ని గట్టిగా నొక్కి, తర్వాత ప్రోటాన్ బీమ్‌తో అంటించాలి. గిన్నెలా వంచిన పలుచని రేకును లేజర్‌తో కొడితే వేడి ఎలక్ట్రాన్లు అవతలికి దూసుకెళ్తాయి, వాటి లాగుడుకు ప్రోటాన్లు కదులుతాయి. రేకు వంపు ప్రకారం అవన్నీ ఒక్కచోటే కలవాలి. కానీ కలవవు! ఆ ఎలక్ట్రాన్ల వల్ల పుట్టే విద్యుత్ క్షేత్రాలే దారిని వంచేస్తాయి.

ఎంత వంగుతుందో చెప్పేది సిమ్యులేషన్. కంప్యూటర్‌లో కోట్ల కణాలను వదిలి, అడుగడుగునా క్షేత్రాలను లెక్కగడతారు. రేకు ముందు గరాటు లాంటి కోన్ పెడితే బీమ్ బాగా దగ్గరికొస్తుందని 2012లో నేచర్ ఫిజిక్స్‌లో వచ్చిన పరిశోధన ప్రయోగంతోనూ చూపించింది.

మన దగ్గర హైదరాబాద్ గోపనపల్లిలోని టీఐఎఫ్‌ఆర్‌లో లేజర్–ప్లాస్మా పరిశోధనలు జరుగుతున్నాయి.