చేపాక్కం మైదానంలో మన బుచ్చిబాబు

ఇండియా–పాకిస్తాన్ మ్యాచ్ వస్తే మన గ్రూపులో రాత్రంతా మెసేజీలు మోగుతూనే ఉంటాయి. అంతకన్నా పాత పోటీ ఒకటి మన మద్రాసులోనే ఉండేది. దానికి పునాది వేసింది మన తెలుగువారేనని పిల్లలకు తెలియదు. మేమంతా తమిళ మీడియంలో చదివినవాళ్ళం, మాకూ ఏ వాద్యారూ చెప్పలేదు.

ఆయన పేరు మోతవరపు వెంకట మహీపతి నాయుడు. ఊరంతా బుచ్చిబాబు అనేది. ప్యారీ కంపెనీ దుబాషీల ఇల్లు, మైలాపూరులో లజ్ హౌస్ అనే పెద్ద బంగళా. డబ్బుకు లోటు లేదు. అయితే చేపాక్కంలోని మద్రాస్ క్రికెట్ క్లబ్ తెల్లవాళ్ళది. ఆడడానికి పోయిన మనవాళ్ళకు పెవిలియన్‌లో చోటు లేదు, చెట్ల కింద కూర్చుని తినాలి. ఎంత ఆస్తి ఉండి ఏం లాభం? అందుకే 1888లో ఆయన మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టారు. సొంత ఖర్చుతో కుర్రాళ్ళకు సామాన్లు కొనిచ్చి, ఆట నేర్పించారు. ఆడితే సమానంగా ఆడాలి, కూర్చుంటే సమానంగా కూర్చోవాలి అన్నది ఆయన పట్టు.

1908 డిసెంబరులో యూరోపియన్లకూ ఇండియన్లకూ మ్యాచ్ కుదిరింది. అది జరగడానికి కొద్ది రోజుల ముందే, నలభై ఏళ్ళకే, ఆయన పోయారు. మ్యాచ్ మాత్రం ఆగలేదు. 1915 నుంచి అదే ప్రెసిడెన్సీ మ్యాచ్ అయి, పొంగల్ పండగలో భాగమైపోయింది. పొంగల్ తిన్న చేత్తోనే జనం చేపాక్కానికి నడిచేవారని మా పెద్దలు చెప్పేవారు.

కొడుకుల్లో ఒకరు దత్తత పోయి కోటా రామస్వామి అయ్యారు. 1922లో డేవిస్ కప్ టెన్నిస్ ఆడిన ఆయన, 1936లో, నలభై ఏళ్ళ వయసులో, మాంచెస్టర్‌లో ఇంగ్లాండుపై మొదటి టెస్టు ఆడి 40, 60 కొట్టారు. ఈ కాలంలో ఆ వయసువాణ్ణి సెలెక్టర్లు టీ తెమ్మంటారేమో!

1952 ఫిబ్రవరిలో ఇండియా మొట్టమొదటి టెస్టు గెలుపు అందుకున్నది ఇంగ్లాండు మీదే, అదీ చేపాక్కంలోనే. వినూ మన్కడ్ 12 వికెట్లు తీశారు. ఇన్నింగ్స్ 8 పరుగుల తేడా. తెల్లవాళ్ళతో ఏటా ఆడే ప్రెసిడెన్సీ మ్యాచ్ కూడా ఆ ఏడాదితోనే ఆగిపోయింది. బుచ్చిబాబు పేరిట టోర్నమెంట్ ఇప్పటికీ జరుగుతున్నది. ఈసారి పేపర్లో ఆ పేరు కనబడితే, ఆయన ఎవరో మన పిల్లలకు తెలుగులోనే చెప్పండి.