ఇరువురికిని ఇష్టములేని పెండ్లి

వేయి అబద్ధములాడియైనను ఒక పెండ్లి చేయవలెనని మనలో సామెత కలదు. ఆ వేయింటిలో వధూవరులచేత ఆడించు అబద్ధము ఒకటి యున్నది. అది “మాకు ఇష్టమే” అను మాట. దానికి చెల్లింపవలసిన వెల యెట్టిదో ఫ్రాన్సు దేశచరిత్రలోని ఒక పెండ్లివలన తెలిసికొందము.

1801లో నెపోలియన్ ఆ దేశమును ప్రథమ కాన్సల్‌గా పరిపాలించుచుండెను. ఆయన భార్య జోసెఫీన్‌కు మొదటి భర్తవలన ఇద్దరు బిడ్డలు గలరు గాని, నెపోలియన్‌వలన సంతానము కలుగలేదు. వారసునికొరకు భర్త తన్ను విడనాడునేమో యని ఆమెకు దిగులు పట్టుకొనెను. తన కుమార్తె హోర్తెన్స్‌ను మరదియగు లూయీకిచ్చి పెండ్లి చేసినచో, వారి బిడ్డయే వారసుడగునని ఆమె యెంచెను. నెపోలియన్‌కును ఈ సంబంధము సమ్మతమాయెను.

హోర్తెన్స్‌కు 18 ఏండ్లు, లూయీకి 23. లూయీ అంతకుముందే ఎమిలీ యను కన్యపై మనసు పడియుండెను. ఆమెను నెపోలియన్ తన పరివారములోని సేనానికిచ్చి 1798లోనే పెండ్లి చేయించెను. ఇప్పుడు ఈ ఇరువురిని కత్తి చూపి బెదరించినవారు లేరు. ఆమెకు తల్లి దిగులు, ఆయనకు అన్న అధికారము, ఇవియే చాలెను. 1802 జనవరి 4వ తేదీన పారిస్ నగరమున వివాహము జరిగెను. దాంపత్యము మొదటినుండియు పొసగలేదు.

తరువాతి కథ మరింత విచిత్రము. 1804లో వెలువడిన ఫ్రెంచి పౌరస్మృతి, వధూవరుల సమ్మతి లేనిది వివాహము చెల్లదని శాసించెను. దంపతులిరువురు కోరినచో విడాకులకును వీలు కల్పించెను. ఆ స్మృతికి నెపోలియన్ పేరే నిలిచినది. కాని 1806లో ఆయనయే తన వంశమువారికి విడాకులు కూడదని వేరొక శాసనము చేసెను. అదే యేట లూయీ హాలండుకు రాజాయెను. అందరును ఆశపెట్టుకొన్న పెద్దకుమారుడు 1807లో నాలుగేండ్ల ప్రాయమున మరణించెను. 1809 డిసెంబరులో నెపోలియన్ తన శాసనమును తానే దాటి జోసెఫీన్‌ను విడనాడెను. ఏ భయముచేత కుమార్తెకు పెండ్లి చేసెనో, ఆ భయమే తల్లికి నిజమాయెను. కూతురికి, అల్లునికి మాత్రము విడాకులు లభింపలేదు. 1810లో లూయీ సింహాసనము విడిచి వెడలిపోయెను. 1837లో హోర్తెన్స్ మరణించువరకు వారు పేరునకు దంపతులు, బ్రదుకులు వేరు.

వారి మూడవ కుమారుడు 1852లో మూడవ నెపోలియన్ చక్రవర్తి యయ్యెను గదా, పెద్దల తలపు నెరవేరినట్లే గదా యని కొందరనవచ్చును. నిజమే. రాజ్యమునకు వారసుడు లభించెను. కాని ఆ లాభమును లెక్కించునప్పుడు, హోర్తెన్స్, లూయీలు పోగొట్టుకొన్న 35 ఏండ్లను ఏ పద్దున వ్రాయుదము?

నేడును మన యిండ్లలో పెద్దలు పిల్లల సమ్మతి అడుగకపోరు. ముహూర్తము నిశ్చయించి, శుభలేఖలు పంచిన పిమ్మట అడుగుట ఒకటి. కాదనుటకు చోటిచ్చి అడుగుట వేరొకటి. ఈ రెంటికి గల భేదమును గుర్తించుట పెద్దరికమునకు లోటు కాదని మనము గ్రహింపవలెను.