వ్యాసుడు రాయని శశిరేఖ, కంపెనీ చేయని స్కైరిమ్

వ్యాసభారతంలో శశిరేఖ లేదు. అభిమన్యుడికి ఉత్తరతోనే పెళ్ళి. బలరాముడి కూతురూ, ఘటోత్కచుడి మాయలూ, ఆ పెళ్ళివిందూ అన్నీ తర్వాతివాళ్ళు కలిపినవే. నాటక సమాజాలు ఆ కథని ఊరూరా ఆడాయి. 1957లో కె.వి. రెడ్డిగారు 'మాయాబజార్' తీశాక, ఇది అసలు భారతంలో లేదండీ అంటే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు కూడా అనుమానంగా చూస్తారు.

సరిగ్గా ఈ పనికే కంప్యూటర్ ఆటలవాళ్ళు 'మాడ్' అని పేరు పెట్టుకున్నారు. కంపెనీ అమ్మిన ఆటని కొన్నవాడు విప్పి, తనకి నచ్చినట్టు మార్చి, ఆ మార్పుని పదిమందికీ ఊరికే పంచిపెట్టడం. ఇరవై ఏళ్ళుగా నాకున్న వ్యసనం ఇదే కనుక, దాని చరిత్ర కొంచెం చెప్పాలని ఉంది.

మాడ్‌లకి మూలం ఇంకా పాతది. 1993లో వచ్చిన 'డూమ్' ఆటలో బొమ్మలూ, మ్యాపులూ ప్రోగ్రాంలో కలిపేయకుండా వేరే ఫైలులో పెట్టారు. దాంతో జనం వాటిని మార్చడం మొదలుపెట్టారు. అయితే నా దృష్టిలో అసలు మలుపు 2002. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రానికి చెందిన బెథెస్డా కంపెనీ 'మారోవిండ్' అనే ఆట విడుదల చేసింది. కత్తులూ, మంత్రాలూ ఉన్న ఒక పెద్ద దేశం, అందులో మీ ఇష్టం వచ్చిన దిక్కుకి మీరు నడిచిపోవచ్చు. పీసీ ఆటతో పాటు 'కన్‌స్ట్రక్షన్ సెట్' అనే ఎడిటర్ కూడా ఇచ్చేశారు. మిఠాయి కొంటే పొయ్యీ, బాణలీ కూడా చేతికిచ్చినట్టు! అదే వరుసలో 2006లో 'ఆబ్లివియన్', 2011 నవంబర్ 11న 'స్కైరిమ్' వచ్చాయి.

లోపల జరిగేది మా వృత్తివాళ్ళకి ముచ్చటగా ఉంటుంది. ఆటలో ప్రతి వస్తువుకీ ఎనిమిది అంకెల నంబరుంటుంది. అందులో మొదటి రెండూ అది ఏ ఫైలు నుంచి వచ్చిందో చెబుతాయి. ఆ రెండు అంకెల్లో పట్టేది 256 మాత్రమే కాబట్టి, మొదటి స్కైరిమ్‌లో ఫైళ్ళు సుమారు 255 దాటకూడదు. రెండు మాడ్‌లు ఒకే వస్తువుని మారిస్తే చివర లోడయినదే చెల్లుతుంది. మన బుర్రల్లో వ్యాసుడి తర్వాత పింగళి నాగేంద్రరావుగారు లోడయ్యారన్నమాట.

నా ఆట తీరు చెబితే నవ్వుతారు. ఆబ్లివియన్‌ని సింగపూర్ వచ్చిన కొత్తలో సిమ్ లిమ్ స్క్వేర్‌లో కొన్నాను. స్కైరిమ్‌లో డ్రాగన్‌ని చంపి లోకాన్ని రక్షించే అసలు కథ నేనింతవరకూ పూర్తి చేయలేదు. మ్యాపు మీద నొక్కితే క్షణంలో వేరే ఊళ్ళో తేలే సౌకర్యం ఉంది, అది వాడను. రివర్‌వుడ్ నుంచి వైట్‌రన్ దాకా వాగు పక్కనే నడిచి వెళతాను. ఆకలీ, చలీ కలిగించే మాడ్‌లు వేసుకున్నాను. ఏడాది పొడుగునా చెమటలు కారే ఈ ఊళ్ళో, పదో అంతస్తులో ఫ్యాన్ కింద కూర్చుని, మంచులో కట్టెలు దొరకవేమోనని దిగులుపడటం ఏమిటని మా ఆవిడ అడుగుతుంది. నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఆడే గంటలకంటే మాడ్‌ల వరుస సర్దుకునే గంటలే ఎక్కువ. ఆఫీసులో జీతం తీసుకుని చేసే పనే, ఇక్కడ ఇష్టంతో చేస్తున్నాను.

తల్లిదండ్రులకి ఒక సంగతి మాత్రం చెప్పాలి. పెట్టె మీద వయసు ముద్ర ఆ పెట్టెలోని ఆటకే. 2006 మే నెలలో అమెరికా రేటింగ్ సంస్థ ఆబ్లివియన్‌ని 13 ఏళ్ళ తరగతి నుంచి 17కి మార్చింది. రక్తపాతం ఒక కారణం. ఆటలో దాగి ఉన్న నగ్నచిత్రాన్ని బయటకి తెచ్చిన మాడ్ మరొకటి. ఇక్కడ సింగపూర్‌లో 2007 నవంబర్‌లో 'మాస్ ఎఫెక్ట్' ఆటని ఒక శృంగార సన్నివేశం కోసం నిషేధించి, కొద్ది రోజుల్లోనే 18 ఏళ్ళు దాటినవాళ్ళకని అనుమతించారు. 2008లో ఆటల వర్గీకరణ పద్ధతే పెట్టారు. అయినా ఆ తర్వాత వాడు ఏ మాడ్ వేసుకున్నాడో ఏ ముద్రా చెప్పదు. పక్కన కూర్చుని చూడాల్సిందే.

ఇక డబ్బు గొడవ. స్కైరిమ్‌లో కంపెనీ సరిచేయకుండా వదిలేసిన తప్పుల్ని సరిదిద్దే 'అనఫీషియల్ ప్యాచ్' కూడా అభిమానులు జీతం లేకుండా చేసినదే. 2015 ఏప్రిల్ 23న వాల్వ్, బెథెస్డా కంపెనీలు మాడ్‌లని డబ్బుకి అమ్మవచ్చన్నాయి. ధరలో చేసినవాడికి 25 శాతం, వాల్వ్‌కి 30, బెథెస్డాకి 45. జనం మండిపడ్డారు. చేపలుపట్టే మాడ్ ఒకటి వేరొకరి యానిమేషన్ పని మీద ఆధారపడి ఉందని తగాదా వచ్చి, దాన్ని తీసేశారు. ఏప్రిల్ 27 నాటికి పథకమే ఎత్తేశారు. ఊరికే ఇచ్చుకున్నంత కాలం ఎవరి ఇటుక మీద ఎవరు గోడ కట్టారో ఎవరూ లెక్కపెట్టలేదు. వెల కట్టగానే పునాదులు తవ్వారు. పాతిక శాతం అన్యాయమే, కానీ చేసినవాడికి పైసా కూడా రాకూడదని అరిచిన ఆటగాళ్ళ వాదన నాకు అంతకంటే నచ్చలేదు.

మాడ్‌కి పట్టాభిషేకం జరిగింది మాత్రం మన ఊళ్ళోనే. 'వార్‌క్రాఫ్ట్ 3' ఆటకి 2003లో ఒక అభిమాని చేసిన మాడ్ 'డోటా'. తర్వాత చేతులు మారి, 'ఐస్‌ఫ్రాగ్' అనే మారుపేరు మనిషి దగ్గరకి చేరింది. వాల్వ్ ఆయన్ని 2009లో ఉద్యోగంలోకి తీసుకుంది. 2013లో 'డోటా 2' సొంత ఆటగా విడుదలైంది. దాని ప్రపంచ పోటీ 'ది ఇంటర్నేషనల్' 2022 అక్టోబర్‌లో సింగపూర్‌లో జరిగింది. మొదట సన్‌టెక్‌లో, ఫైనల్స్ ఇండోర్ స్టేడియంలో. ఆగ్నేయాసియాలో ఆ పోటీ జరగడం అదే మొదటిసారి. బహుమతి సొమ్ము కోటీ ఎనభై లక్షల డాలర్లకి పైనే.

అదృష్టవంతుల సంగతి అది. మిగిలినవాళ్ళ పని సగంలో ఆగిపోతుంది. మనకి తెలియనిదేం కాదు. నన్నయగారి భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగింది. తిక్కనగారు విరాటపర్వం నుంచి అందుకున్నారు. మధ్యలో మిగిలిన ఖాళీని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించి, దాదాపు మూడు వందల ఏళ్ళ కిందటి రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. మాడ్‌ల లోకంలో ఎర్రన మర్యాద అందరికీ లేదు. కొందరు ఇంకొకడి పనిని తమ పేరుతో పెట్టుకుంటారు. మరికొందరు కోపం వచ్చి, తమ మాడ్‌ని రాత్రికి రాత్రి తీసేస్తారు. దాని మీద ఆధారపడ్డ మాడ్‌లన్నీ కూలిపోతాయి. అందుకే 2021లో 'నెక్సస్ మాడ్స్' అనే పెద్ద భాండాగారం, ఇకమీదట ఎక్కించిన ఫైలుని పూర్తిగా చెరిపే వీలుండదు, లోపల భద్రపరుస్తాం అని ప్రకటించింది. ఇష్టంలేనివాళ్ళు తీసేసుకోవడానికి కొన్ని వారాల గడువిచ్చింది. కొందరు పాత రచయితలు ఆ గడువులోనే మొత్తం తీసుకుని వెళ్ళిపోయారు.

అలా పోయినవాటిలో కొన్ని నా పాత హార్డ్‌డిస్కులో ఉన్నాయి. చేసినవాళ్ళు వద్దన్న వాటిని ఇంకొకరికి ఇచ్చే హక్కు నాకు లేదు, చెరిపేయడానికి చెయ్యి రాదు. మా అబ్బాయి ఈ మధ్య అందులోని ఒక లైట్‌హౌస్ మాడ్ అడుగుతున్నాడు. నా కంప్యూటర్ మీదే ఆడుకోమన్నాను. కాపీ మాత్రం ఇంకా ఇవ్వలేదు.